ల్యాప్‌టాప్‌కు పంపు హోదా

ఆండర్సన్‌పేట బజారులో, ఒకవైపు కోడిమాంసం అంగడికీ మరొకవైపు బ్యాండు మేళం వారి కార్యాలయానికీ నడుమ, 'చంద్రిక సిస్టమ్స్ అండ్ సర్వీసెస్' అనే సంస్థ విరాజిల్లుతోంది. బోర్డు మీద మాటలు బహువచనంలో ఉన్నా, లోపల సిస్టమ్ ఒకటే, సర్వీసు ఒకటే. ఆ రెండింటికీ రాణి, మంత్రి, సేనాపతి, ఊడ్చే మనిషి అయిన చంద్రిక కూడా ఒకతే. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గనులు మూతబడి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ ఊళ్లో లోతుకు దిగి విలువైనదాన్ని పైకి తెచ్చేవారు ఎవరైనా ఉన్నారంటే, చచ్చిన హార్డ్ డిస్కులోనుంచి జనాల పెళ్లి ఫోటోలు వెలికితీసే చంద్రిక మాత్రమే.

ఈ సామ్రాజ్యానికి ఒకే ఒక లోపం: నేల వేరొకరిది. ఆ గది చంద్రిక మేనత్త ఉమాదేవి సొత్తు. రవికలు కుట్టడంలో ఉమాదేవికి బంగారుపేట వరకు సాటి లేదు. ఆమె కుట్టిన రవికతో అత్తవారింటికి వెళ్లిన పెళ్లికూతురు తిరిగి వచ్చినప్పుడు తల్లికంటే ముందు ఉమాదేవినే చూస్తుందని ప్రతీతి, రెండు పక్కలా కుట్లు కొంచెం విప్పించుకోవడానికి. ఇంతటి కళ ఇంటి వెనుక వసారాలో మగ్గిపోతోందనీ, అద్దాల తలుపు, అద్దం వెనుక పట్టు రవిక తొడిగిన బొమ్మ ఉన్న బోటిక్ ఒకటి బజారులో వెలయాలనీ ఆమెకు చిరకాల వాంఛ. అందుకు వినాయక చవితి నాడు మేనకోడలితో ఒక సంధి కుదుర్చుకుంది.

"దసరా అయిన వారంలోపల నీకు ఒక నిలకడైన పని దొరికితే గది నీది. మాటంటే మాటే. దొరకలేదంటే నా మిషన్ వచ్చి ఈడ కూర్చుంటాది. ఇంగ ఏడిచేది గీడిచేది ఉండకూడదు."

అప్పటినుంచి ఉమాదేవి వారానికి రెండు మార్లు టేపుతో వచ్చి గోడలు కొలిచి వెళుతోంది. గోడ పొడవు వినాయక చవితినుంచి ఏమీ మారలేదు. అయినా కొలవడం మానలేదు.

నవరాత్రులు మొదలయ్యే ముందు ఆ గది గుమ్మంలో అంబరీష్ ప్రత్యక్షమయ్యాడు. మాలూరు తాలూకా లక్కూరులో మామిడి తోట, పట్టుపురుగుల పెంపకం ఉన్న రైతు కుటుంబం అతనిది. పురుగుల షెడ్డును ఖాళీ చేసి, సున్నం వేసి, కంప్యూటరు మీద పోటీ పరీక్షలు జరిపే హాలుగా మార్చాడు. పురుగులు తలలెత్తి ఆకు నమిలిన చోట నిరుద్యోగులు తలలు దించి గోళ్లు కొరుక్కోవాలన్నది పథకం. దానికి 'లక్కూరు డిజిటల్ పరీక్షా సౌధం' అని పేరు కూడా పెట్టాడు. బెంగళూరులో ఏదో కంపెనీ వదిలించుకున్న పాత కంప్యూటర్లను లారీలో తెప్పించాడు.

"అక్కా, మిషన్లు అన్నీ దిగినాయి. లోపల ఏమీ లేదు. కడిగి బోర్లించిన కుండల మాదిరి ఉండాయి," అన్నాడు అంబరీష్.

"సిస్టమ్ ఎక్కించేది ఎంతసేపు, అన్నా? ఎక్కించినాక అప్‌డేట్లు కదా. మీ ఊర్లో నెట్ ఎట్లుండాది?"

"నెట్ బాగా ఉండాది. రోడ్డు వేసే జేసీబీ కేబుల్ తెంచని దినం అద్భుతంగా ఉంటాది. అట్లాంటి దినం ఇంగా రాలేదు, అంతే."

"పరీక్షల బోర్డు వాళ్లు తనిఖీకి ఎప్పుడు వస్తారంట?"

"విజయదశమి మరునాడు. ప్రతి మిషన్లోనూ అప్‌డేట్లు అన్నీ ఉండాల, ఒక్కటి తక్కువైనా హాలుకు పర్మిషన్ లేదు అన్నారు. మా నాయిన చెప్పినాడు, పర్మిషన్ రాకుంటే మళ్లా పురుగులు పెట్టేది అని. ఆయన ఇప్పుడే పురుగుల తట్టలు కడుగుతా ఉండాడు."

సమస్య తీవ్రతను ఇక్కడ వివరించక తప్పదు. ఆపరేటింగ్ సిస్టమ్ అనేది పుట్టిననాటినుంచే చిరుగులు పడే వస్త్రం. తయారుచేసినవారే ప్రతి నెలా ఒక చిరుగును కనిపెట్టి, సిగ్గుపడకుండా, దానికొక అతుకు పంపుతూ ఉంటారు. చంద్రిక దగ్గర పెన్ డ్రైవ్‌లో ఉన్న మూలప్రతి కొన్నేళ్ల కిందటిది. దానితో ప్రాణం పోసిన ప్రతి కంప్యూటరూ తపస్సులోనుంచి లేచిన మునిలా, తాను కళ్లు మూసుకున్న సంవత్సరమే ఇంకా నడుస్తోందనుకుంటుంది. తరువాత లోకంలో యుగం మారిందని తెలిసి, అన్నేళ్ల అతుకులూ ఒక్కసారిగా కావాలని పట్టుబడుతుంది. ఒక్క ముని అయితే ఫోన్ హాట్‌స్పాట్‌తో శాంతింపజేయవచ్చు. షెడ్డు నిండా మునులుంటే లక్కూరు మీద ఉన్న టవర్లన్నీ కలిసి కూడా చాలవు.

"అన్నా, అతుకులు ఒక్కొక్క మిషన్‌కూ వేసేది వద్దు. పెన్ డ్రైవ్‌లో ఉండే మూలానికే ముందుగా కలిపేస్తాను. దాంతో ఎక్కిస్తే, పుట్టేటప్పుడే అన్నీ ఉంటాయి. నెట్ అక్కర్లేదు," అంది చంద్రిక.

అంబరీష్ తోట మనిషి. కొంచెం ఆలోచించాడు. "అంటే చెట్టు చెట్టుకూ మందు కొట్టేది కాదు. అంటు కట్టేటప్పుడే మంచి కొమ్మ కడతావు. ఇంగ ఎన్ని నాటినా అదే కాయ."

"అంతే. కాకుంటే ఈ చెట్టుకు నెల నెలా కొత్త పురుగు వస్తాది."

"మా తోటలో పురుగు మాత్రం ఏం, లీవు పెట్టి పోతాదా? సరి అక్కా. నువ్వు ఇది చేసి, తనిఖీలో పాసయితే, హాలు పని సంవత్సరమంతా నీకే. నెల నెలా నువ్వే రావాల."

నెల నెలా అన్న మాట చంద్రిక చెవిలో నాదస్వరంలా మోగింది. నిలకడైన పని అంటే అదే కదా.

పని స్వరూపం చెప్పడానికి సులభంగానే ఉంటుంది. మూలప్రతిలో ఆపరేటింగ్ సిస్టమ్ అంతా పెట్టెలో పట్టుచీరలా ఒకే ఒక పెద్ద ఫైలుగా మడిచిపెట్టి ఉంటుంది. ఆ మడతను ఒక ఖాళీ ఫోల్డరులో విప్పి పరచాలి. పరచినదానికి అతుకులను ఒక్కొక్కటిగా, వరుస తప్పకుండా వేయాలి. అన్నీ పడిన తరువాత మార్పులను భద్రపరచి, మళ్లీ మడిచి, పెట్టెలో పెట్టాలి. ఈ ఆదేశాలన్నీ చంద్రిక ఒక వరుసలో రాసి, ల్యాప్‌టాప్‌కు అప్పగించి, నవరాత్రి బొమ్మల కొలువు చూడటానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి పరాభవం ఎదురుచూస్తోంది. అతుకులలో చిన్నది ఒకటి ఉంటుంది. మిగిలిన అతుకులను స్వీకరించే యోగ్యతను సిస్టమ్‌కు ప్రసాదించేది అదే. దాన్ని ముందు పంపాలి. చంద్రిక పెద్దదాన్ని ముందు పంపింది. అది మహావైభవంగా వెళ్లి తలుపు తట్టింది. తలుపు తీసే మనిషి ఇంకా లోపల లేడు. అయినా ల్యాప్‌టాప్ నిరుత్సాహపడలేదు. ఏమీ అతకని ఆ గందరగోళాన్నే పరమశ్రద్ధతో భద్రపరచి, చక్కగా మడిచి, మంచి మూలప్రతి మీదే పెట్టేసింది.

మళ్లీ మూలప్రతి సంపాదించి, అతుకులన్నీ మళ్లీ దించుకునే సరికి ఆయుధ పూజ తెల్లవారింది. ఈసారి చంద్రిక వరుస సరిదిద్దింది. దెబ్బ తిన్న సేనాపతికి సహజమైన జాగ్రత్తతో, చివరి ఆదేశానికి ముందు ఒక ప్రశ్నను కూడా నిలబెట్టింది: భద్రపరచవలెనా? వై అని నొక్కితే భద్రపరుస్తుంది. ఎన్ అని నొక్కితే అంతా పారేస్తుంది. ఏదీ నొక్కకపోతే యుగాంతం వరకు, లేదా కరెంటు పోయేవరకు, ఎదురుచూస్తూ ఉంటుంది. పొద్దున్నే గది తెరిచి పని మొదలుపెట్టి, ల్యాప్‌టాప్ అతుకులు వేయడంలో మునిగిపోయాక, చంద్రిక గుమ్మానికి మామిడాకులు కట్టింది.

అప్పుడు పూజకు అవ్వా తాతా వచ్చారు. అవ్వ చిన్నవెంకటమ్మ చేతి బుట్టలో విభూతి, కుంకుమ, చామంతి మాలలు, నిమ్మకాయలు, బొరుగులు, పుట్నాలు ఉన్నాయి. తాత దొడ్డమునియప్ప భుజాన బూడిద గుమ్మడికాయ ఉంది. ఆయన గనిలో పాతాళమంత లోతున నీళ్లు తోడే పంపుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. గుమ్మడికాయను కూడా ఏదో స్పేరు పార్టులా జాగ్రత్తగా దించాడు.

అవ్వ కళ్లు ల్యాప్‌టాప్ మీద పడ్డాయి. తెర మీద గీత ఒకటి మెల్లగా పాకుతోంది.

"ఏమే ఇది, పని చేస్తా ఉండాది?"

"అవును అవ్వా. నడిమధ్యలో ఉండాది. ఆపేదానికి కాదు."

"ఆయుధ పూజ నాడు పనిముట్టు పని చేస్తాదా? మూత పెట్టు. బొట్టు పెట్టాల."

"నేను చేయడం లేదు కదవ్వా. అదే చేసుకుంటా ఉండాది. నేను చెయ్యి కూడా పెట్టలేదు."

"రోలు దానికదే రుబ్బుకుంటాదా?"

"మన గ్రైండరు రుబ్బదా?"

"గ్రైండరుకు బొట్టు పెట్టి మూలన కూర్చోబెట్టి వచ్చినాను. దానికోసరమే పిండి నిన్ననే రుబ్బుకున్నా. దానికుండే బుద్ధి నీ మిషన్‌కు లేదా?"

చిన్నవెంకటమ్మ నమ్మకం సామాన్యమైనది కాదు. ఏడాది పొడుగునా మనిషికి అన్నం పెట్టే పనిముట్టుకు ఒక్క రోజు విశ్రాంతి ఇవ్వాలి, ఆ రోజు దాని సొంతదారు చెయ్యి దాని మీద పడరాదు, పడితే ఏడాదంతా అది కక్ష కడుతుంది. ఈ శాస్త్రాన్ని చంద్రిక బయటికి నవ్వుతూ వింటుంది గాని, ఆయుధ పూజ నాడు స్క్రూడ్రైవరు ముట్టుకునే ధైర్యం ఆమె కూడా ఇంతవరకు చేయలేదు. కంప్యూటరు కక్ష కడితే ఎలా ఉంటుందో ఆమెకంటే ఎక్కువ చూసినవారు ఆ బజారులో లేరు.

ఉభయ పక్షాల వాదనలూ ముగిసి, వ్యవహారం తాత ధర్మాసనం ముందుకు వచ్చింది. దొడ్డమునియప్ప స్టూలు మీద కూర్చుని, సాక్షిని విచారించాడు.

"పాపా, ఇప్పుడు దీన్ని ఆపితే ఏమవుతాది?"

"ఇంతవరకు చేసిందంతా పోతాది తాతా. మళ్లా మొదట్నించి చేయాల. రేపు లక్కూరులో మిషన్లకు ఎక్కించాల, ఎల్లుండి తనిఖీ. టైం లేదు. పని పోతే గది పోతాది."

"అవన్నీ వద్దు. ఆపితే నీళ్లు ఎక్కుతాదా, లేదా?"

చంద్రిక తాతను చాలాకాలంగా ఎరిగినది. "ఎక్కుతాది తాతా," అంది.

దొడ్డమునియప్ప భార్య వైపు తిరిగాడు. "గనిలో ఆయుధ పూజకు అంతా నిల్చిపోయేది. మనుషుల్ని కిందికి దింపే వైండింగ్ ఇంజన్ నిల్చేది. డ్రిల్లులు నిల్చేది. దొరల మోటారు కారు కూడా బొట్టు పెట్టుకుని షెడ్డులో నిల్చేది. పంపు మాత్రం నిల్చలేదు. అది నిల్చితే కింద లెవెల్ అంతా మునిగిపోతాది. నడిచే పంపుకే మాల వేసినాము, నడిచేదానికే హారతి ఇచ్చినాము. నేనే ఇచ్చినాను. ఆ సామి ఒక్క దినం కూడా కోపం చేసుకోలేదు. దాన్ని ఆపినప్పుడే నీళ్లెక్కింది, గని మూసినాక."

ఆ నీళ్లు ఎంతవరకు ఎక్కాయో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"కాబట్టి ఇది పంపు," అని తాత తీర్పు చెప్పాడు.

ఈ విధంగా, గణనయంత్రాల చరిత్రలో మొదటిసారిగా, ఒక ల్యాప్‌టాప్‌కు ఉన్నత న్యాయపీఠం ద్వారా పంపు హోదా లభించింది. చిన్నవెంకటమ్మ తీర్పును శిరసావహించింది గాని, ఒక షరతు పెట్టింది.

"పంపయితే సరి. మాల వేసినాక నువ్వు పంపును ముట్టుకున్నావా?"

"లేదు. మరుసటి పొద్దు వరకు ఎవురూ ముట్టేది లేదు. చూస్తా కూర్చునేదే."

"అయితే ఇదీ అంతే. రేపు పొద్దున హారతి ఇచ్చేవరకు నీ చెయ్యి పడకూడదు. మాటియ్యి పాపా."

గెలిచిన ఉత్సాహంలో చంద్రిక మాటిచ్చేసింది. పూజ వైభవంగా జరిగింది. ల్యాప్‌టాప్ మూత వెనుక మూడు విభూతి రేఖలు, నడుమ కుంకుమ తీర్చారు. చామంతి మాలను ఫ్యాను రంధ్రానికి అడ్డం రాకుండా వేయించడానికి చంద్రిక చాలా దౌత్యం నెరపవలసి వచ్చింది. బండి చక్రాల కింద పెట్టినట్టే అవ్వ నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు పెట్టించింది. తాత రెండు చేతులతో ల్యాప్‌టాప్‌ను ఎత్తిపట్టగా ఆ కార్యం పూర్తయింది. దానివల్ల యంత్రం కిందికి ఏ ఇంజనీరూ సమకూర్చని గాలి ఆడి, అది మునుపటికంటే చల్లగా, సుముఖంగా పనిచేయసాగింది. తాత గుమ్మడికాయను రోడ్డు మీద పగలగొట్టాడు. ముగ్గురూ బొరుగులు తింటూ కూర్చున్నారు.

మధ్యాహ్నానికి తెర మీది గీత చివరికి చేరింది. ఈసారి ఏ అతుకూ జారలేదు. దాని కింద, వినయంగా, ఒక వాక్యం వచ్చి నిలిచింది: భద్రపరచవలెనా?

చంద్రిక చేతిలో బొరుగులు చేతిలోనే ఉండిపోయాయి.

"అవ్వా," అంది, "ఒక్క అక్షరం నొక్కాల."

"రేపు నొక్కు."

"అంతవరకు కరెంటు ఉండదవ్వా. బజారంతా సీరియల్ లైట్లు కట్టినారు, సాయంత్రం అన్నీ వేసేసరికి ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంటాది. పోయిన దసరాకూ అంతే. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏడాదయింది, యూపీఎస్ పది నిమిషాలు కూడా ఆగదు. నొక్కలేదంటే విప్పింది విప్పినట్లే పోతాది."

"మాటిచ్చినావు."

"అయితే నువ్వు నొక్కు."

"పూజ చేసిన చేత్తో సామిని పొడవమంటావా?"

"తాతా?"

దొడ్డమునియప్ప ఉత్సాహంగా లేచాడు. భార్య ఆయనను చూపుతోనే కూర్చోబెట్టింది. "నువ్వు పంపు మనిషివి. దీన్ని పంపు అనింది కూడా నువ్వే. ఇంగ దీనికి ఆపరేటరు నువ్వే అయితివి. పాప కంటే నీకే ఎక్కువ తప్పు."

తాను ఇచ్చిన తీర్పుకు తానే బద్ధుడైన న్యాయమూర్తి పుట్నాలు నమిలాడు.

"అయితే ఎవురు నొక్కచ్చు?" అంది చంద్రిక.

"దీంతో సంబంధం లేని చెయ్యి కావాల. దీంతో కూడు తినని చెయ్యి, పూజ చేయని చెయ్యి. వాళ్లు ముట్టితే తప్పులేదు."

కోడిమాంసం అంగడి మూసి ఉంది. బ్యాండు మేళం వారు ఊరేగింపులో ఉన్నారు. వీధిలో పగిలిన గుమ్మడికాయలు తప్ప ప్రాణి లేదు. సరిగ్గా అప్పుడు, నెమలిపింఛం రంగు పట్టుచీర కట్టుకుని, ప్రసాదం కోసం ఉమాదేవి వచ్చింది. ఆమె టేపు కూడా ఆ రోజు పూజలోనే ఉండటంవల్ల, లోపలికి రాగానే గోడను జానలతో కొలవడం మొదలుపెట్టింది.

చిన్నవెంకటమ్మ కూతురిని పరిశీలనగా చూసింది. "ఉమా, నీ మిషన్ యాడ?"

"ఇంట్లో. బొట్టు పెట్టి మూసినాను."

"కత్తెర?"

"అదీ ఆడే."

"కంప్యూటరు ఉండాదా నీకు?"

"నాకెందుకమ్మా ఆ పీడ."

"అయితే నువ్వే," అంది చిన్నవెంకటమ్మ.

ఆండర్సన్‌పేట అంతటా ఆ ల్యాప్‌టాప్‌ను ముట్టుకునే అర్హత శాస్త్రప్రకారం ఒక్కరికే ఉంది. అది పాడైతే లాభపడే మనిషి కూడా ఆ ఒక్కరే.

ఉమాదేవిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కొంగు సర్దుకుని, తెరను, నిమ్మకాయలను, మేనకోడలి ముఖాన్ని వరుసగా చూసింది. "ఏం చేయాల?"

అబద్ధం చెప్పడం సులభమే. కానీ రెండు అక్షరాలూ తెర మీద పక్కపక్కనే మెరుస్తున్నాయి. "వై నొక్కి ఎంటర్ కొట్టాలత్తా," అంది చంద్రిక.

"ఎన్ నొక్కితే?"

"అంతా పోతాది. రేపు లక్కూరుకు వట్టి చేతులతో పోవాల."

"అప్పుడు గది నాది."

"ఇప్పుడూ నీదే కదత్తా."

ఉమాదేవి వేలు లేచింది. మీటల మీద, రెండు అక్షరాలకూ సమదూరంలో, గరుడపక్షిలా నిలిచింది. ఆమె చూపు ఎదుటి గోడ మీదికి వెళ్లింది. అక్కడ అద్దాల తలుపు, పట్టు రవిక తొడిగిన బొమ్మ ఆమెకు కనబడుతూ ఉండాలి. పైన ట్యూబులైటు ఒకసారి మిణుకుమంది. యూపీఎస్ కుయ్యిమంది.

"ఇంతకూ దీంట్లో ఏం చేసినావే పొద్దున్నించి?" అని అడిగింది ఉమాదేవి.

"పాత సిస్టమ్‌లో చిరుగులు ఉండాయత్తా. వాటికంతా అతుకులు వేసినాను. మిషన్ మిషన్‌కూ వేసేది కాకుండా, మొదటి దాంట్లోనే వేసినాను. ఇంగ దాన్నించి ఎన్ని తీసినా సరిగ్గా వస్తాయి."

"అంటే, నేను బ్రౌన్ పేపరు కటింగు సరి చేసుకునేట్లు. పేపరు సరిగ్గా ఉంటే ఎన్ని రవికలైనా చంక కాడ పట్టేయదు."

"అదేనత్తా."

"కుట్టంతా అయిపోయిందా?"

"అంతా అయింది."

"ఇంగ ఇదేమిటికి అడుగుతా ఉండాది?"

"ముడి వేసేదా, దారం లాగేసేదా అని."

ఉమాదేవి వేలు గాలిలో ఆగిపోయింది. ఆమె ముఖంలో కోపం కనబడింది. అయితే అది మేనకోడలి మీద కోపం కాదు, పనితనం మీద. "కుట్టంతా వేసి, ముడి వేయకుండా దారం వదిలేసి, బొరుగులు తింటా కూర్చున్నావా? ఎవురు నేర్పించినారే నీకు? నా కాడ పని నేర్చుకునే ఆడపిల్ల ఇట్లా చేసుంటే ఆ పొద్దే ఇంటికి పంపించుండును."

"మాటిచ్చినానత్తా..."

"మాటకేం తెలుసు కుట్టు సంగతి," అని, ఉమాదేవి వై నొక్కి, మిషన్ పెడలు తొక్కినంత బలంగా ఎంటర్ కొట్టింది.

తెర మీద కొత్త గీత పాకడం మొదలైంది. ఉమాదేవి లేవలేదు. ముడి బిగిసేవరకు కదలనని కూర్చుంది. ప్రసాదం కూడా కుర్చీలోకే తెప్పించుకుంది. గీత చివరికి చేరి, పని సఫలమైందని తెర ప్రకటించాక, తల ఊపి, "పర్వాలేదు, సాపుగా వచ్చింది," అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ సాయంత్రం బజారులో దీపాలన్నీ వెలిగినా కరెంటు మాత్రం పోలేదు. భయపడిన పండగకు పోకుండా, నమ్మిన పండగకు పోవడం దాని నైజం.

విజయదశమి పొద్దున అవ్వ హారతి ఇచ్చి పంపును మళ్లీ ల్యాప్‌టాప్‌గా మార్చింది. చంద్రిక కొత్త మూలాన్ని పెన్ డ్రైవ్‌లలోకి ఎక్కించింది. అంబరీష్ పంపిన మామిడికాయల వ్యానులో లక్కూరుకు బయలుదేరేసరికి ముందు సీటులో ఉమాదేవి అప్పటికే కూర్చుని ఉంది.

"నువ్వెందుకత్తా?"

"నేను ముడి వేసిన బట్ట ఒంటికి ఎట్లా పడతాదో నేను చూడద్దా?"

పరీక్షా సౌధంలో అంబరీష్ తండ్రి కడిగిన తట్టలను గుమ్మం పక్కనే ఎండబెట్టి, ఆశ వదలకుండా వేచి ఉన్నాడు. జేసీబీ సెలవు రోజున కూడా తన ధర్మం తప్పలేదు. కేబుల్ తెగి ఉంది. అయినా ఆ సాయంత్రానికి షెడ్డులోని మునులందరూ లేచారు. ఈసారి ఎవరికీ ఏ సంవత్సరమో అన్న సందేహం లేదు. ఫోన్ హాట్‌స్పాట్ చూపి, ఇంకేమైనా కావాలా అని చంద్రిక ఒక్కొక్కరినీ అడిగితే, ఏమీ వద్దు, సంపూర్ణంగా ఉన్నాం అని సమాధానమిచ్చారు. అంబరీష్ తండ్రి లోపలికి తొంగిచూసి, పురుగులు కూడా ఇంత బుద్ధిగా ఎప్పుడూ ఉండలేదని ఒప్పుకుని, తట్టలు ఇంట్లో దాచేశాడు.

మేనత్తా మేనకోడలూ ఆ రాత్రి లక్కూరులోనే ఉండిపోయారు. మరునాడు తనిఖీకి నయన అనే యువ అధికారిణి వచ్చింది. నలిగిన చీరకట్టులో ఉన్న ఒక పెద్దావిడ ప్రతి కంప్యూటరు దగ్గరా తనకంటే ముందే వెళ్లి నిలబడటం ఆమెకు కొంత వింతగా తోచింది. అన్నీ చూసి, సంతకం పెట్టి, నెట్ లేని ఊళ్లో అన్నీ ఇంత సమానంగా ఎలా కుదిరాయని ఆమె అడిగింది. చంద్రిక నోరు తెరిచేలోపల ఉమాదేవి జవాబిచ్చింది.

"ఒకే కటింగు మేడమ్. దానికోసరమే."

తిరుగు ప్రయాణంలో బంగారుపేట దాటేవరకు ఉమాదేవి మాట్లాడలేదు. సంధి షరతు నెరవేరింది. గది దక్కింది. అయినా మేనత్త మౌనం చంద్రికకు మింగుడుపడలేదు.

"అత్తా, కోపమా?"

"కోపమెందుకు. మాటంటే మాటే, గది నీదే. అద్దం తలుపు మాత్రం పెట్టించుకుంటా. ఎడం పక్క మూల నా మిషన్‌కు చాలు, జానలతో చూసినాను కదా. నెల నెలా ఈ అతుకుల పని వస్తాదంట, ముడి వేసేది మరిచిపోయే అలవాటు నీకు. ఎవురన్నా పక్కన ఉండి చూసుకోవాల."

చంద్రిక మనసులోనే ఆ మూలను కొలుచుకుంది. అక్కడ చచ్చిన మానిటర్లు మాత్రమే ఉన్నాయి.

దీపావళి నాటికి ఆండర్సన్‌పేట బజారులో అద్దాల తలుపు వెలసింది. తలుపు వెనుక పట్టు రవిక తొడిగిన బొమ్మ, బొమ్మ చేతిలో కీబోర్డు. మొదట్లో రెండు శాఖలకూ వేర్వేరుగా వచ్చిన జనం క్రమంగా తెలివి తెచ్చుకున్నారు. ఆడవాళ్లు కొలత రవికనూ, తెరచుకోని ల్యాప్‌టాప్‌నూ ఒకే సంచిలో వేసుకుని వస్తున్నారు. మొన్న ఊరగాం నుంచి వచ్చిన ఒకావిడ ఆ రెండూ బల్ల మీద పెట్టి, ఎప్పుడిస్తారని అడిగింది. చంద్రిక స్క్రూలు విప్పడంలో మునిగి ఉంది. ఉమాదేవి మిషన్ ఆపకుండానే తల తిప్పింది.

"రవిక శుక్రవారం తీసుకోమ్మా. ఆ ఇంగొకటి దాని ఇష్టం."